ఈసీజీ గళ్లు, గుండె వేగం: లెక్క కట్టే పద్ధతుల సమీక్ష

గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో ఈసీజీ కాగితం నేరుగా చెప్పదు. ఒక స్పందనకూ మరుసటి స్పందనకూ నడుమ గడిచిన కాలం మాత్రమే ఆ కాగితం మీద గళ్ల రూపంలో కనిపిస్తుంది. నిమిషానికి ఎన్ని స్పందనలన్న సంఖ్యను ఆ గళ్ల నుంచి చదివేవారే రాబట్టుకోవాలి. ఇందుకోసం వైద్య, నర్సింగ్ విద్యార్థులకు 1500 సూత్రం, 300 సూత్రం, ఆరు సెకన్ల పద్ధతి, పది సెకన్ల పద్ధతి అని నాలుగు మార్గాలు నేర్పుతారు గాని, వాటిలో ఏది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ చెయ్యిస్తుందో అంత శ్రద్ధగా చెప్పడం తక్కువ. నాలుగూ ఒకే భాగహారానికి నాలుగు రూపాలే అయినా, ఒకే కాగితానికి అవి ఇచ్చే జవాబులు ఒక్కోసారి చాలా దూరంగా ఉంటాయి. ఆ దూరానికి కారణం గణితంలో కాక గుండె లయలో ఉంటుంది. కాబట్టి లయను చూశాకే సూత్రాన్ని ఎంచుకోవాలన్నది ఈ సమీక్ష పట్టుకున్న ప్రధానమైన దారం.

నాడిని పట్టి రోగిని తెలుసుకోవడం పాత విద్యే అయినా, నాడిని నిమిషాల లెక్కన కొలవడం అంత పాతది కాదు. శార్ఙ్గధర సంహిత వంటి ఆయుర్వేద గ్రంథాలు నాడి నడకను పాముతో, కప్పతో, హంసతో పోల్చి దోషాన్ని నిర్ణయించమన్నాయి. అక్కడ ప్రధానమైనది నడక తీరు, సంఖ్య కాదు. ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచి ఆగే గడియారాన్ని చేయించి, దాని వాడకాన్ని 1707లో పుస్తకంగా వెలువరించాక నాడి సంఖ్యగా మారడం మొదలయింది. మనిషి గుండెలో పుట్టే విద్యుత్తును శరీరం పైనుంచే నమోదు చేయవచ్చని 1887లో లండన్‌లో ఆగస్టస్ వాలర్ చూపగా, ఆ అలలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టి, 1901–1903 నడుమ సన్నని తీగతో పనిచేసే గాల్వనోమీటరును ప్రపంచానికి అందించినవాడు నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరానికి చెందిన విల్లెమ్ ఐంథోవెన్; 1924 నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది. కదిలే ఫోటో పలక మీద కాలాన్ని గీతలుగా ముద్రించడంతో గుండె వేగం వేలికొసల నుంచి కొలబద్ద మీదికి వచ్చింది. ఐంథోవెన్ వాడిన సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగమే నేటికీ చాలా దేశాల్లో ప్రమాణంగా ఉంది.

ఈ ఒక్క వేగాన్ని మనసులో ఉంచుకుంటే సూత్రాలేవీ బట్టీ పట్టనక్కర్లేదు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది కనుక, మిల్లీమీటరు వెడల్పున్న ఒక చిన్న గడి 0.04 సెకనుకు సమానం. అయిదు చిన్న గళ్లు కలిసి, కాస్త మందమైన గీతల నడుమ ఉండే పెద్ద గడి 0.2 సెకను. నిమిషంలో 60 సెకన్లు కాబట్టి నిమిషానికి 1500 చిన్న గళ్లు, 300 పెద్ద గళ్లు సాగిపోతాయి. జఠరికలు, అంటే గుండె కింది గదులు, విద్యుత్ ప్రేరణ పొందినప్పుడు ఏర్పడే నిటారైన అలల గుంపును క్యూఆర్ఎస్ సముదాయం అంటారు; అందులో పైకి లేచే మొనే ఆర్. వరుసగా వచ్చే రెండు ఆర్ మొనల నడుమ దూరాన్ని ఆర్-ఆర్ వ్యవధి అంటారు. ఆ వ్యవధిలో ఎన్ని చిన్న గళ్లున్నాయో లెక్కించి, 1500ను ఆ సంఖ్యతో భాగిస్తే రేటు వస్తుంది. 20 చిన్న గళ్లుంటే 75, 25 ఉంటే 60, 15 ఉంటే 100. లయ గడియారంలా ఉండి, రేటు మరీ వేగంగా లేనప్పుడు ఇంతకంటె సూక్ష్మమైన పద్ధతి కాగితం మీద మరొకటి లేదు.

300 సూత్రం దీనికి సులువుగా వాడుకునే రూపం. ఏదో ఒక ఆర్ మొన సరిగ్గా మందపు గీత మీద పడిన చోటును పట్టుకొని, తరువాతి మందపు గీతలకు వరుసగా 300, 150, 100, 75, 60, 50 అని చెప్పుకుంటూ పోతే, రెండో ఆర్ మొన ఏ గీత దగ్గర ఆగితే అదే రేటు. మంచం పక్కన నిలబడి కాగితం చేతికి రాగానే, పెన్ను అవసరం లేకుండా చెప్పగలగడం దీని గొప్పతనం. దీని లోపం ఆ వరుస సంఖ్యల్లోనే కనిపిస్తుంది: అయిదో గీతకూ ఆరో గీతకూ తేడా పది మాత్రమే కాగా, మొదటి గీతకూ రెండో గీతకూ తేడా 150. రెండు గీతలకు నడిమధ్యన ఆర్ మొన పడితే చాలామంది రెండు సంఖ్యలకు సగటు తీస్తారు. 60కీ 75కీ నడుమ ఆ సగటు పెద్దగా తప్పదు గాని, 150కీ 300కీ నడుమ సగటు తీస్తే 225 వస్తుంది, ఒకటిన్నర పెద్ద గళ్లకు అసలు జవాబు 200. గళ్లు సమాన దూరంలో ఉన్నా రేట్లు సమాన దూరంలో ఉండవన్న చిన్న సత్యం ఇక్కడ మరుగున పడిపోతుంది.

ఈ విషయం మరికొంత లోతుగా చూడదగ్గది, ఎందుకంటే పద్ధతులను తూచే తక్కెడ ఇదే. ఆర్-ఆర్ వ్యవధి చదవడంలో ఒక చిన్న గడి పొరపాటు జరిగిందనుకుంటే, 25 గళ్ల దగ్గర అంటే 60 రేటు దగ్గర జవాబు 58కో 62కో మారుతుంది. దాని వల్ల చికిత్సలో ఏమీ మారదు. అదే పొరపాటు 10 గళ్ల దగ్గర, అంటే 150 రేటు దగ్గర జరిగితే జవాబు 136 నుంచి 167 వరకూ ఊగుతుంది. వ్యవధిని కొలిచే పద్ధతిలో దోషం రేటు వర్గంతో పాటు పెరుగుతుంది: రేటును రేటుతో గుణించి 1500తో భాగిస్తే, ఒక చిన్న గడి పొరపాటుకు పడే మూల్యం సుమారుగా తెలుస్తుంది. 60 దగ్గర అది రెండున్నర లోపు, 150 దగ్గర 15. దీనికి విరుగుడు చాలా సులభం, కాని ఆచరణలో తరచు మరచిపోయేది: ఒక్క వ్యవధిని కాక అయిదు వ్యవధులను కలిపి కొలిచి, మొత్తాన్ని అయిదుతో భాగిస్తే, చివరి మొన చదవడంలో జరిగే పొరపాటు కూడా అయిదో వంతుకు తగ్గిపోతుంది. జామెట్రీ బాక్సులోని విభాగిని వంటి రెండు మొనల కాలిపర్ చేతిలో ఉంటే ఈ పని అర నిమిషం కూడా పట్టదు.

స్పందనలను లెక్కించే పద్ధతులు ఇందుకు వేరైన స్వభావం గలవి. ఆరు సెకన్ల కాలానికి, అంటే 30 పెద్ద గళ్ల పొడవుకు, ఎన్ని క్యూఆర్ఎస్‌లు పడ్డాయో లెక్కపెట్టి పదితో గుణించడం మొదటిది. చాలా మానిటర్ కాగితాల అంచున మూడేసి సెకన్లకు ఒక గుర్తు ఉంటుంది కనుక గళ్లు లెక్కపెట్టే శ్రమ కూడా తప్పుతుంది. పన్నెండు లీడ్ల, అంటే గుండెను పన్నెండు కోణాల నుంచి చూసే ఈసీజీలో మొత్తం నమోదు పది సెకన్లు, అంటే 250 మిల్లీమీటర్లు. నాలుగు నిలువు వరసల్లో ఒక్కొక్కటి రెండున్నర సెకన్లు చూపుతూ, అట్టడుగున రెండో లీడును లయ పట్టీగా పది సెకన్లూ కొనసాగిస్తారు. ఆ పట్టీలోని క్యూఆర్ఎస్‌లను లెక్కించి ఆరుతో గుణించడం పది సెకన్ల పద్ధతి. ఇక్కడ దోషం రేటుతో పెరగదు. ఒక స్పందన తేడా వస్తే ఆరు సెకన్ల పద్ధతిలో ఎప్పుడూ పది, పది సెకన్ల పద్ధతిలో ఎప్పుడూ ఆరు. రేటు 75 అయిన క్రమమైన లయలో ఆరు సెకన్లకు ఏడున్నర స్పందనలు వస్తాయి, ఆ సగాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు కనుక జవాబు 70 లేదా 80 అవుతుంది. పది సెకన్ల పద్ధతిలో 72 లేదా 78.

ఈ రెండు రకాల దోషాలనూ పక్కపక్కన పెడితే పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించని ఒక సరిహద్దు బయటపడుతుంది. కొలతలో ఒక చిన్న గడి, లెక్కింపులో ఒక స్పందన పొరపాటవుతుందనుకుంటే, పది సెకన్ల పద్ధతీ ఒక్క వ్యవధిని కొలిచే పద్ధతీ 95 రేటు దగ్గర సమానమవుతాయి. అంతకంటె నెమ్మదైన లయలకు వ్యవధి కొలత మేలు, వేగమైన లయలకు స్పందనల లెక్కింపు మేలు. పొరపాటును అర గడికి తగ్గించుకోగల నేర్పరికి ఈ సరిహద్దు 134 వరకూ జరుగుతుంది. లెక్కింపు పద్ధతి క్రమంలేని లయలకే పరిమితమని విద్యార్థులకు చెప్పే మాట ఈ లెక్క ముందు అసంపూర్ణంగా తోస్తుంది: క్రమమైన లయే అయినా బాగా వేగంగా ఉన్నప్పుడు లెక్కింపే భద్రం. అలాగే నిమిషానికి 32 స్పందనలున్న రోగి కాగితంలో ఆరు సెకన్లకు మూడు క్యూఆర్ఎస్‌లు పడితే 30 అనీ, నాలుగు పడితే 40 అనీ వస్తుంది. పేస్‌మేకర్ పెట్టాలా వద్దా అని ఆలోచించే చోట ఇది అంగీకరించదగిన తేడా కాదు, అక్కడ 47 చిన్న గళ్లను ఓపికగా లెక్కపెట్టుకోవలసిందే.

ఒకే ఛానెలుతో పనిచేసే పాత యంత్రాలున్న చిన్న ఆసుపత్రుల్లో మరో ఇబ్బంది ఉంటుంది. అక్కడ ఒక్కో లీడుకు మూడు నాలుగు స్పందనలు తీసి, పొడవాటి రిబ్బనును ముక్కలుగా కత్తిరించి అట్టకు అతికిస్తారు. అటువంటి కాగితంలో ఆరు సెకన్లూ ఉండవు, పది సెకన్లూ ఉండవు. లయ క్రమమైనదో కాదో తేల్చడానికే ఆ ముక్కలు చాలవు. రెండో లీడులో కనీసం పది సెకన్ల పట్టీ విడిగా తీయించుకోవడం తప్ప అక్కడ ఏ సూత్రమూ అక్కరకు రాదు.

లయ క్రమం తప్పినప్పుడు అసలు ప్రశ్నే మారిపోతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికలు, అంటే గుండె పై గదులు, ఒక పద్ధతి లేకుండా వణుకుతూ ఉండగా, వాటి నుంచి జఠరికలకు ప్రేరణలు ఇష్టం వచ్చినట్టు చేరుతాయి కాబట్టి ఏ రెండు ఆర్-ఆర్ వ్యవధులూ సమానంగా ఉండవు. ఉదాహరణకు ఒక పట్టీలో వరుసగా ఆరు వ్యవధులు 14, 22, 17, 11, 26, 18 చిన్న గళ్లు ఉన్నాయనుకుందాం. నాలుగో వ్యవధిని మాత్రమే కొలిచినవారు రేటు 136 అంటారు. అయిదో దాన్ని కొలిచినవారు 58 అంటారు. ఒకే రోగికి, ఒకే అయిదు సెకన్లలోపు, ఒకరు గుండె దడ అనీ ఇంకొకరు గుండె నెమ్మది అనీ రాయవచ్చు, ఇద్దరి భాగహారమూ సరైనదే. ఆరు వ్యవధుల మొత్తం 108 గళ్లు, సగటు 18, దాని రేటు 83. ఇక్కడ ఇంకొక సూక్ష్మమైన పొరపాటు కూడా పొంచి ఉంటుంది: ప్రతి వ్యవధికీ విడివిడిగా రేటు కట్టి ఆ ఆరు రేట్లకు సగటు తీస్తే 90 వస్తుంది. పొట్టి వ్యవధులు గడిపిన కాలం తక్కువైనా ఆ సగటులో వాటికి ఎక్కువ బరువు దొరకడమే ఆ ఏడు అదనంగా చేరడానికి కారణం. సగటు తీయవలసింది వ్యవధులకు, రేట్లకు కాదు. పది సెకన్ల లెక్కింపు ఈ చిక్కులో పడదు, ఎందుకంటే అది స్వభావరీత్యా వ్యవధుల సగటే. అయితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పది సెకన్లు కూడా చిన్న నమూనాయే కనుక, వీలైనచోట అర నిమిషం లేదా నిమిషం పట్టీని లెక్కించడం మేలు. విశ్రాంతిలో రేటు 80 లోపు ఉంచాలా, 110 లోపు ఉంటే చాలా అన్న ప్రశ్నను నెదర్లాండ్స్‌లో జరిగిన రేస్-2 అధ్యయనం పరిశీలించి, సడలించిన లక్ష్యం కఠిన లక్ష్యానికి తీసిపోదని 2010లో తేల్చింది. మందు మోతాదు ఇటువంటి సంఖ్యల మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ సంఖ్య ఏ పద్ధతిలో వచ్చిందో కేసు షీటులో రాయడం అదనపు శ్రమ అనిపించకూడదు.

యువకుల్లో, పిల్లల్లో ఊపిరితో పాటు రేటు కాస్త పెరిగి తగ్గడం సహజం. దీన్ని సైనస్ అరిత్మియా అంటారు. పది సెకన్లలో రెండు మూడు ఊపిరులు పూర్తవుతాయి కనుక అక్కడ ఆరు సెకన్ల కంటె పది సెకన్ల లెక్కకు మొగ్గు చూపడం సబబు.

ఏ గదుల రేటు లెక్కిస్తున్నామన్నది మరో ప్రశ్న. ఆరోగ్యవంతుడి గుండెలో సిరాకర్ణికా కణుపు నుంచి బయలుదేరిన ప్రతి ప్రేరణా కర్ణికలను, ఆపై జఠరికలను తాకుతుంది కాబట్టి కర్ణికల ప్రేరణను చూపే ప్రతి పి అల వెనుకా ఒక క్యూఆర్ఎస్ ఉంటుంది, రెండు రేట్లూ ఒకటే అవుతాయి. సంపూర్ణ హార్ట్ బ్లాక్‌లో ఆ దారి తెగిపోయి, కర్ణికలు 80 చొప్పున, జఠరికలు 35 చొప్పున ఎవరి దారిన అవి నడుస్తుంటాయి. పి నుంచి పికి, ఆర్ నుంచి ఆర్‌కి వేరువేరుగా కొలిచి రెండు రేట్లూ రాయకపోతే వ్యాధి పేరే కాగితం మీదికి రాదు. ఏట్రియల్ ఫ్లట్టర్‌లో కర్ణికలు నిమిషానికి దాదాపు 300 సార్లు, అంటే పెద్ద గడికొకసారి ప్రేరణ పొందుతూ, సాధారణంగా రెండింటికొకటి చొప్పున కిందికి పంపుతాయి. అందుకే క్రమంగా, సన్నని క్యూఆర్ఎస్‌లతో రేటు 150 దగ్గర స్థిరపడిన ప్రతి కాగితాన్నీ ఫ్లట్టర్ కాదని రుజువయ్యేదాకా అనుమానించాలన్నది అనుభవజ్ఞులు పాటించే నియమం. రెండు క్యూఆర్ఎస్‌ల నడుమ సరిగ్గా మధ్యలో ఒక పి అల కనిపిస్తే, మరొకటి క్యూఆర్ఎస్‌లోనే కలిసిపోయి ఉండవచ్చునని చెప్పే బిక్స్ నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. రేటే రోగనిర్ధారణకు దారి చూపే అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి.

పిల్లల విషయంలో కొలతలోని సూక్ష్మత ఇంకా ముఖ్యం. పెద్దలకు విశ్రాంతిలో 60 నుంచి 100 వరకూ సహజమనీ, 60 లోపు బ్రాడీకార్డియా అనీ, 100 పైన టాకీకార్డియా అనీ పిలవడం ఆనవాయితీ. ఈ హద్దులు గుండ్రని సంఖ్యలు కావడం వల్ల నిలిచినవే తప్ప ప్రకృతి గీసినవి కావు, ఆరోగ్యవంతుల్లో 50 నుంచి 90 అనడమే వాస్తవానికి దగ్గరని వాదించిన నిపుణులున్నారు. శిశువుల్లో జ్వరంతో వచ్చే దడ సాధారణంగా 220 దాటదు, దాటితే విద్యుత్ మార్గంలోనే లోపముందని అనుమానిస్తారు. 220 దగ్గర ఆర్-ఆర్ వ్యవధి ఏడు చిన్న గళ్లకు కూడా రాదు. ఏడు గళ్లు అంటే 214, ఆరున్నర అంటే 231. అర గడి మీద నిర్ణయం ఊగే ఇటువంటి చోట యంత్రాన్ని సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగానికి మార్చి మళ్లీ తీస్తే, ఒక్కో వ్యవధి రెండింతలు సాగి కొలత నమ్మదగినదవుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు 100, 60 అన్న రెండు మెట్ల దగ్గర ఊపిరి అందించాలా, ఛాతీ నొక్కాలా అన్న నిర్ణయాలు సెకన్లలో తీసుకోవాలి కాబట్టి, స్టెతస్కోపుతో ఆరు సెకన్లు విని పదితో గుణించే పాత అలవాటుకు తోడుగా మూడు తీగల ఈసీజీని కూడా వాడవచ్చని 2015 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కాగితం వేగం మార్చడం ఎంత ఉపయోగమో, మార్చినట్టు గమనించకపోవడం అంత ప్రమాదం. సెకనుకు 50 మిల్లీమీటర్లయితే నిమిషానికి 600 పెద్ద గళ్లు, 3000 చిన్న గళ్లు; అది తెలియక 300 సూత్రమే వాడితే 80 కొట్టుకునే గుండె 40గా కనబడుతుంది. కాగితం అంచున అచ్చయిన వేగాన్ని చూడడం మొదటి జాగ్రత్త. అది చెరిగిపోతే, పి, క్యూఆర్ఎస్, టి అన్నీ ఒకేసారి అసహజంగా వెడల్పై కనిపించడం రెండో ఆనవాలు. వేడితో అచ్చయ్యే ఈ కాగితం కొన్నేళ్లకు వెలిసిపోతుంది కనుక పాత రేటుతో పోల్చుకోవలసిన రోగులు జిరాక్స్ దాచుకోవడం మంచిది.

యంత్రం పైభాగాన తానే అచ్చువేసే రేటు గురించి రెండు వైపులా అతి కనిపిస్తుంది. కొందరు దాన్ని చూడనే చూడరు, కొందరు అది తప్ప మరేమీ చూడరు. జియాపు పాన్, విల్లిస్ టాంప్‌కిన్స్ 1985లో ప్రకటించిన పద్ధతీ దాని వారసులూ నిటారైన వాలును వెతికి క్యూఆర్ఎస్‌ను గుర్తిస్తాయి. శుభ్రమైన క్రమలయలో అవి చేతి లెక్క కంటె మెరుగే. రక్తంలో పొటాషియం పెరిగి టి అలలు ఎత్తుగా, మొనదేలి ఉన్నప్పుడు ఒక్కో స్పందనను రెండుగా లెక్కించి రేటును రెట్టింపు చేయడం, పేస్‌మేకర్ గీతలను స్పందనలుగా పొరబడడం, పార్కిన్సన్ వ్యాధి వణుకును ఫ్లట్టర్ అనుకోవడం వాటికి తెలిసిన బలహీనతలు. ఆ వణుకు సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు, అంటే నిమిషానికి 240 నుంచి 360 కాబట్టి, ఫ్లట్టర్ వేగంతో అది సరిగ్గా కలిసిపోతుంది. అచ్చయిన రేటుకూ పది సెకన్ల లెక్కకూ తేడా ఇరవై దాటితే తప్పు ఎక్కడుందో వెతకడం చదివేవారి పని.

రేటు తప్పితే దాని మీద కట్టిన లెక్కలూ తప్పుతాయి. జఠరికలు ప్రేరణ పొంది తిరిగి సిద్ధమయ్యే కాలమైన క్యూటీ వ్యవధిని 1920లో బాజెట్ ప్రతిపాదించినట్టు ఆర్-ఆర్ సెకన్ల వర్గమూలంతో భాగించి సరిచేస్తారు. 360 మిల్లీసెకన్ల క్యూటీ, 60 రేటు దగ్గర 360గానే ఉంటుంది. 100 రేటు దగ్గర అది 465 అవుతుంది, హద్దు దాటినట్టే. అదే ఏడాది ఫ్రిడెరిసియా సూచించిన ఘనమూలం వాడితే 427, హద్దులోపలే. రేటు వేగంగా ఉన్నప్పుడు బాజెట్ సూత్రం ఎక్కువ చూపుతుందన్నది తెలిసిన విషయమే గనుక, క్యూటీ పెరిగిందని మందు ఆపించే ముందు రేటును, సూత్రాన్ని రెండింటినీ తిరిగి చూడాలి.

మణికట్టు గడియారంలోనే ఈసీజీ తీసుకోవడం 2018 నుంచి సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది. అది మొదటి లీడు వంటి ఒక్క పట్టీని 30 సెకన్ల పాటు ఇస్తుంది కనుక, క్యూఆర్ఎస్‌లను లెక్కపెట్టి రెండుతో గుణిస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కూడా ఆసుపత్రి పట్టీ కంటె మంచి సగటు దొరుకుతుంది. అయితే ఏ పట్టీ అయినా లెక్కించేది విద్యుత్తునే, రక్తాన్ని పంపే దెబ్బను కాదు. ప్రతి మామూలు స్పందన వెంటా తొందరపడి ఒక అదనపు స్పందన వచ్చే లయలో, ఆ రెండోది నిండని జఠరికను నొక్కి ధమనిలోకి దాదాపు ఏమీ పంపలేకపోవచ్చు. కాగితం మీద 80 క్యూఆర్ఎస్‌లు ఉండగా మణికట్టు దగ్గర వేళ్లకు తగిలేవి 40 మాత్రమే అవుతాయి. అందువల్ల ఈసీజీ తీస్తున్న నర్సు ఒక చెయ్యి రోగి నాడి మీద ఉంచి, కాగితం మీద ఏ క్యూఆర్ఎస్‌కు దెబ్బ తగిలిందో, దేనికి తగలలేదో పెన్నుతో గుర్తు పెట్టే పాత అలవాటు ఇప్పటికీ కొన్ని వార్డుల్లో కనిపిస్తుంది. ఆ పట్టీ మీద ఒక్కొక్క అలకు పక్కన పెట్టిన చుక్క, రెండు రేట్లనూ ఒకే కాగితం మీద చూపిస్తుంది.